పసుపు పూసిన మడి

నగరంలోని తోటల బడిలో నారయ్య మూడేళ్లు చదివాడు. నేల వాలు మట్టంతో చూడడం, గొలుసుతో కొలవడం, నీరు తనంతట తాను పారేలా కాలువ గీయడం, ఏ చెట్టు పదేళ్లకు ఎంత నీడ పరుస్తుందో ముందే లెక్కగట్టి నాటడం, అన్నీ ఉర్దూలోనే నేర్చుకున్నాడు. ఆఖరి పరీక్షకు ఉస్తాద్ అహ్మద్ అలీ అతణ్ని సొంతూరికే పంపాడు. ఇబ్రహీంపట్నం చెరువు పక్కన జాగీర్దారు కొత్త బంగళా కట్టించాడు. దానికి తోట నక్షా గీయాలి. నచ్చితే అక్కడే తోట పనులు చేయించే దరోగా ఉద్యోగం.

బంగళా దిగువన చెరువు నీళ్లతో పండే మడులున్నాయి. అందులో రెండెకరాలు అన్న బుగ్గయ్యవి. ఇల్లు గడిచేది వాటి మీదే, నారయ్య చదువు సాగిందీ వాటి మీదే. ఆ ఏడు వానలు తక్కువై చెరువు సగమే నిండింది. అలాంటప్పుడు ఊరి పెద్దలు కూర్చుని తైబందీ చేస్తారు. ఉన్న నీళ్లు కొన్ని మడులకే. మిగతావి ఆ ఏటికి బీడు. మళ్లీ కరువొస్తే వంతు మారుతుంది. ఈసారి బీడు వంతు బుగ్గయ్యది.

నక్షాలో పైరున్న నేలకు ఆకుపచ్చ, ఖాళీ నేలకు పసుపు వేయాలి. గొలుసు పరిచిన నాడు కంటికి కనిపించిందే లెక్క. అన్న మడి దగ్గర నారయ్య కుంచె ఆపాడు. అంచున "తైబందీ బీడు" అని రెండు మాటలు రాయొచ్చు. కానీ అలా రాసినందుకే ఉస్తాద్ పోయిన నెల ఒకడి నక్షా చించేశాడు. "ఊరోళ్ల ముచ్చట్లు నక్షాల ఎందుకు మియా?" అన్నాడు. పరీక్ష కాగితమే కదా అనుకుని నారయ్య పసుపు పూశాడు.

ఉస్తాద్ మెచ్చుకున్నాడు. జాగీర్దారు ఇంకా మెచ్చుకున్నాడు. నెల తిరగకుండా, పసుపు మడులన్నీ ఎవరూ దున్నని పడావు భూములేనని తోటలో కలిపేసుకున్నారు.

బుగ్గయ్య కచ్చేరీకి పోయి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"పడావని రాసిందెవ్వడని అడిగిన. నీ తమ్ముడే అని దస్కతు చూపెట్టిండు గుమాస్తా."

"అన్నా, అది పరీక్ష కోసం..."

"పోయినేడు సెలవులల్ల గా మడి దున్నిందెవడ్రా?"

"నేనే."

"నాగలి పట్టినోనివి, బీడుకూ పడావుకూ ఫరక్ తెల్వదా?"

వదిన బాలనర్సమ్మ పొయ్యి ముందునుంచి లేవకుండానే అంది: "ఊకో, మస్తు సదివిండు. మనకు కనవడేటివి ఆయనకు కనవడయి."

నక్షా తప్పని అర్జీ రాసుకుని నారయ్య ఉస్తాద్ దగ్గరికి పోయాడు. ఉస్తాద్ అది చదివి, మడిచి, తిరిగి చేతిలో పెట్టాడు.

"నక్షా తప్పంటే నువ్వు ఫెయిలైనట్టే. ఫెయిలైనోని మాట మీద భూమి వాపసు ఇస్తరా? సోంచాయించు బేటా."

నారయ్య అర్జీ ఇవ్వలేదు. పరీక్ష నెగ్గినట్టు సనదు తీసుకున్నాడు. నౌకరీ ఉంటే అన్నను తానే పోషించవచ్చునని దారి పొడుగునా తనకు తాను చెప్పుకున్నాడు.

ఎండలు ముదరకముందే తోట పని మొదలైంది. ఇంటికిద్దరు వెట్టికి రావాలని చాటింపు వేశారు. బుగ్గయ్య, బాలనర్సమ్మ కూడా వచ్చారు. నారయ్య తాడు లాగి పట్టించి, కాలువ కోసం మడి గట్టు తెంపాల్సిన చోట సున్నం గీత గీశాడు. వాలు వెంట్రుకవాసి కూడా తప్పలేదు.

"వదినా, జర నీడకు కూసో," అన్నాడు మెల్లగా. ఆమె నెత్తి మీది మట్టి గంప దించలేదు.

బుగ్గయ్య తన గట్టు మీద పార ఆనించి, తల వంచుకుని అడిగాడు.

"దరోగా సాబ్, గీడ ఎంత లోతు తవ్వమంటరు?"

నారయ్య చేతిలోని కాగితం చూసుకున్నాడు.

"మూరెడు," అన్నాడు.