ఎర్ర మూత డబ్బా

కొట్లో బిల్లు కట్టే వరుస ఎంత నడిచినా తరగడం లేదు, నేనెప్పుడూ చివరనే ఉన్నాను, నా ముందున్న మనిషి మెడ మీద ఎండకు కమిలిన మచ్చ చూసి ఈయన మా పక్కింటి వాల్టర్ గారే కదా అని పోల్చుకుంటున్నాను, పోయి మూడు వారాలైన మనిషికి సరుకులతో ఏం పని అని మాత్రం నాకు తోచడం లేదు. ఆయన చేతిలో సరుకులు లేవు. మా అమ్మాయి ఎప్పుడో ఆయనకిచ్చిన మా ఇంటి గోంగూర పచ్చడి డబ్బా ఉంది, ఎర్ర మూతది.

టెక్సస్‌లో మా ఇల్లూ ఆయన ఇల్లూ ఆరేళ్ళు పక్కపక్కనే ఉన్నాయి. ఆయన సైన్యంలో చేసి రిటైరైన సార్జెంటు, నేను మందుల షాపులో ఫార్మసిస్టుని. కనబడ్డప్పుడల్లా "థ్యాంక్యూ ఫర్ యువర్ సర్వీస్" అనేవాణ్ణి. ఇక్కడ సైనికుడికి అందరూ చెప్పే మాట అదే, చెప్పేసి ఎవరి కారు వాళ్ళు ఎక్కుతారు. ఇప్పుడూ అలవాటు కొద్దీ అదే అంటున్నాను.

"ఆ మాట చెప్పినాక ఇంకేం అడగవు గదబ్బయా నువ్వు," అంటున్నాడు వాల్టర్ గారు, అచ్చం నెల్లూరులో మా మేనమామ మాట్లాడినట్టే, అది నాకేమీ వింతగా లేదు, పైగా ఇన్నాళ్ళూ ఇద్దరం ఇంగ్లీషులో ఎందుకు అవస్థ పడ్డామా అని కాస్త విసుగ్గా కూడా ఉంది.

వరుస కదిలి కదిలి మా పెరట్లోకి వచ్చేసింది, రెండిళ్ళ మధ్య చెక్క కంచె మోకాలెత్తుకు దిగిపోయింది, ఆయన అటువైపు, అక్రోటు లాంటి కాయలు కాసే తన పీకన్ చెట్టు కింద ఆకులు ఊడుస్తున్నాడు, డబ్బా మాత్రం చంకలోనే ఉంది.

"సరే, అడుగుతున్నా. అక్కడ సైన్యంలో మీరు ఏం పని చేసేవాళ్ళు?"

ఆయన ముఖం విప్పారుతోంది. "నీళ్ళ లారీ తోలేవాణ్ణి. ఇరవై రెండేళ్ళు. నేను పోకపోతే ఆ పూట వంట లేదు, స్నానం లేదు. ఒకసారి ఇసకలో దిగబడితే కుర్ర సిపాయిలంతా తాళ్ళేసి లాగారు, పాటలు పాడుకుంటా. ఊరికొచ్చినాక కొందరు దండం పెట్టారు, కొందరు నన్ను జూసి భయపడ్డారు. ఏం పని జేశావని మాత్రం ఎవురూ అడగలా."

ఆరేళ్ళుగా ఈ మనిషిని తుపాకీ లేకుండా ఒక్కసారీ ఊహించుకోలేదు నేను. నా తెలివికి నాకే నవ్వొస్తోంది, ఆయనా నవ్వుతున్నాడు.

కానీ నవ్వి ఊరుకోవడానికి లేదు. పోయిన నెల ఈ పెరట్లోనే మా అమ్మాయి హంసిని సైన్యంలో చేరతానంది. "ఆ పనికి వాళ్ళున్నారు, మన పిల్లలెందుకు!" అని అరిచాను. మా ఇంట్లో పోట్లాటలు ఇంగ్లీషులోనే సాగుతాయి. కంచె అవతల ఆకులు ఊడ్చే చప్పుడు ఆగిపోయింది. తర్వాత వారానికే గుండె ఆగి ఆయన పోయాడు. సిగ్గుతో నేను చావుకి కూడా వెళ్ళలేదు. హంసిని నాతో మాటలు మానేసింది, రేపు సోమవారం వెళ్ళి సైన్యంలో చేరే కాగితాల మీద సంతకం పెడుతుంది.

"వాల్టర్ గారూ, ఆ రోజు నేనన్న మాట..."

"విన్నాలే. వాళ్ళంటే ఎవురబ్బా అని శానాసేపు ఆలోచించా. చూస్తే నేనే!"

"తప్పయిపోయింది," అంటున్నాను, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

"నేను సంతకం పెట్టిన్నాడు మాయమ్మ గూడా అదే మాట అనింది. ఆ పనికి వాళ్ళున్నారు, నా కొడుకెందుకని. భయం తప్పేం గాదబ్బయా. నన్ను అడక్కుండానే ఆరేళ్ళు గడిపేశావే, ఆ బిడ్డనన్నా అడుగు."

"ఏమని?"

"ఇప్పుడు నన్నడిగిందే."

నా మనసు తేలికపడుతోంది, ఇక వెళ్ళొచ్చనిపిస్తోంది. "అయితే ఆ డబ్బా ఇచ్చేయండి."

"ఇయ్యను. ఖాళీది తిరిగియ్యగూడదని నీ బిడ్డే జెప్పింది. ఇంకా నిండలా," అని ఆయన డబ్బాను ఊపుతుంటే లోపలేదో గలగలమంటోంది, ఆ చప్పుడు కొట్లో బిల్లు యంత్రం మోతలా మారి, ఆగకుండా మోగి మోగి, మా ఇంటి కాలింగ్ బెల్లయింది.

కళ్ళు తెరిచాను. ఆదివారం మధ్యాహ్నం, సోఫాలో ఉన్నాను. హంసిని వీధి తలుపు మూసి వచ్చి, ఎర్ర మూత డబ్బాను బల్ల మీద పెట్టింది.

"వాల్టర్ చెల్లెలు ఇచ్చి వెళ్ళింది. ఇల్లు సర్దుతుంటే వంటింటి అరలో కనబడిందట," అంది, నాతో కాదు, బల్లతో.

మూత తీశాను. లోపల ఒలిచిన పీకన్ పప్పులు, ముప్పావు దాకా ఉన్నాయి.

"ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని ఎప్పుడో చెప్పాను ఆయనకి," అంది, ఈసారి నావైపు తిరిగి.

డబ్బాను తన వైపు జరిపాను. ఆ తర్వాత అడిగాను. "హంసీ, అక్కడ సైన్యంలో నువ్వు ఏం పని చేద్దామనుకుంటున్నావమ్మా?"

నా ముఖంలోకి చూసింది.

"అడగవనుకున్నాను నాన్నా," అంటూ కుర్చీ లాక్కుని కూర్చుంది.