సాయమ్మ ఊడ్వని నీడ

కోకాపేటలోని ఆ అపార్ట్‌మెంట్ టవర్లలో సాయమ్మ చీపురుకు పెద్ద పేరు. మాలీ పనిలో చేరిన ఈ ఏడేళ్లలో ఆమె చెట్ల కింద ఒక్క ఎండుటాకు నిలిచిన పాపాన పోలేదు. అయినా, పాలమూరు నుంచి గింజ తెచ్చి మొలిపించిన సీతాఫలం చెట్టు మాత్రం ఆమె పరువు తీస్తోంది. ఏటా ఒళ్లంతా పూస్తుంది, పూసినవన్నీ రాల్చేస్తుంది. ఈ ఏడూ కాయకపోతే కొట్టించేసి అక్కడ షో మొక్క పెట్టిస్తానని మేనేజర్ జాన్సన్ గారు తేల్చి చెప్పారు. ఆ మాటకు సాయమ్మకు రెండు రోజులు అన్నం సయించలేదు.

జూన్‌లో కాలు బెణికి వారం రోజులు ఇంటిపట్టున ఉండాల్సి వచ్చింది. తిరిగొచ్చి చూస్తే ఒళ్లు మండిపోయింది. ఆమె బదులు వచ్చిన మహానుభావులు చెత్తబండి దాకా నడవడానికి బద్ధకించి, ఫ్లాట్లలోంచి వచ్చిన కుళ్లు మామిడిపళ్లన్నీ ఆ చెట్టు మొదట్లోనే గుమ్మరించి పోయారు. వాళ్లను నోరారా తిడుతూ చీపురెత్తింది. పళ్ల మీద ఆవగింజంత గోధుమరంగు పురుగులు పాకుతున్నాయి. ఒకటి లేచి, సగం విచ్చిన పూవులో దూరింది. ఇంకో పూవు విప్పి చూస్తే అందులో నాలుగున్నాయి, ఒంటినిండా పుప్పొడి పూసుకుని.

చీపురు ఆగిపోయింది. ఊళ్లో గుట్ట మీది సీతాఫలాలు విరగకాస్తాయి. అక్కడ రాలిన పండు రాలినచోటే కుళ్లుతుంది, ఊడ్చే దిక్కే లేదు. ఇన్నేళ్లూ ఈ చెట్టుకు కావలసిన చుట్టాలను తానే తరిమేసిందన్నమాట. సాయమ్మకు సిగ్గేసింది. అంతకు మించి ఆశ పుట్టింది.

ఈగలొస్తున్నాయని ఎవరో ఫిర్యాదు చేస్తే జాన్సన్ గారు రానే వచ్చారు. అంతా వెంటనే ఎత్తేయమన్నారు. ఏనాడూ ఎదురు చెప్పని సాయమ్మ చీపురు కింద పెట్టేసింది.

"నేను తియ్య సార్. ఈ పురుగులు పూలల్ల దూరితెనే కాయ పడ్తది. తప్పు చెట్టుది కాదు, నాది. ఊడ్చి ఊడ్చి వీటిని బతకనియ్యలే. జర నెల రోజులు ఆగుండ్రి. కాయకుంటె నా చేత్తోనే నరుకుత."

ఆయన కాసేపు ఆమెనూ చీపురునూ మార్చి మార్చి చూశారు. పళ్ల మీద ఎండుటాకులైనా కప్పమని చెప్పి, నెల గడువిచ్చి వెళ్లారు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి సాయమ్మ చెత్తకుండీలోంచి ఎండుటాకులు తిరిగి తెచ్చుకుంది.

జూలై చివర్లో ఆకుల చాటున రేగుపండంత కాయలు కనిపించాయి. వేళ్లు మడుస్తూ పదకొండు దాకా లెక్కపెట్టేసరికి కళ్లలో నీళ్లు తిరిగి లెక్క తప్పింది. మళ్లీ మొదలుపెడుతుంటే వెనక ఎవరో దగ్గారు. జాన్సన్ గారు. చేతిలో కవరు, అందులో మెత్తబడిపోయిన జామపళ్లు.

"మా ఇంట్లో పాడైపోయాయమ్మా," అన్నారాయన కాస్త మొహమాటంగా. "ఏ పక్కన వెయ్యమంటావు?"