దేవుని పిడికెడు డబ్బా

పూండి దాటాక వచ్చే ఆ చర్చిలో నాలుగు ఫ్యాన్లున్నాయి. నాలుగింటి రెక్కల మీదా ‘దాత: ఢిల్లీశ్వరరావు, పలాస’ అని ఎర్రరంగుతో రాసి ఉంటుంది. ఫ్యాను తిరిగితే పేరు కనబడదు కనుక, ఆయన ఆరాధనకు వచ్చిన ఆదివారం ఫ్యాన్లు వెయ్యరు. మే నెలలో కూడా సంఘమంతా చెమటలు కక్కుతూ తలెత్తి ఆయన దాతృత్వాన్ని చదువుకుంటుంది.

ఢిల్లీశ్వరరావుకు పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. అదే సంఘంలోని బుచ్చమ్మ పదకొండేళ్ళుగా అందులోనే పప్పు మీద పొట్టు తీస్తోంది. లాభంలో పదోవంతు దేవుడిదేనని ఆయన మైకు పట్టుకుని చాలాసార్లు సాక్ష్యం చెప్పాడు. కిలోకు ఇచ్చే కూలి ఒక్క రూపాయి పెంచమని ఆడవాళ్ళు అడిగితే మాత్రం, "ఆ విషయం ప్రార్థనలో పెట్టానమ్మా" అన్నాడు. రెండేళ్ళయింది. దేవుడు ఇంకా ఆలోచిస్తున్నట్టున్నాడు.

బుచ్చమ్మ ఇచ్చేది అంత పెద్ద సంగతి కాదు. ఎసరు పెట్టి బియ్యం కొలిచినప్పుడల్లా అందులోంచి ఒక పిడికెడు తీసి రేకు డబ్బాలో వేస్తుంది. దాన్ని దేవుని పిడికెడు అంటారు. ఆ సంఘంలో ప్రతి ఇంటా అలాంటి డబ్బా ఒకటుంటుంది. ఏడాదికోసారి కోతపండుగనాడు డబ్బాలు, కోళ్ళు, గుమ్మడికాయలు, పనసపళ్ళు అన్నీ చర్చిలో బల్ల ఎక్కుతాయి. అక్కడే వేలం వేస్తారు. పలికిన ధర తెచ్చినవాళ్ళ పేరున కానుకగా రాస్తారు.

ఈ ఏడు పాస్టరు ధనరాజు కొత్త నియమం పెట్టాడు. పండుగకు కానుక తేనివాళ్ళ పేరు సంఘం పుస్తకంలోంచి కొట్టేస్తారు. పుస్తకంలో పేరు లేనివాళ్ళకు చర్చి వెనక జీడితోటలో సమాధికి చోటివ్వరు.

"బతికున్నోళ్ళని బెదిరించినాడు, అవ్వలేదు. ఇప్పుడు సచ్చినాక సంగతి ఎత్తుకున్నాడు" అని ఫ్యాక్టరీలో పక్కన కూర్చునే వనజ నవ్వింది.

బుచ్చమ్మకు నవ్వు రాలేదు. మొగుడు నారాయణ ఆ జీడితోటలోనే ఉన్నాడు. అతన్ని పెట్టిన రోజునే ఎడమపక్క ఆరడుగులు తనకని అడిగి అట్టేపెట్టించుకుంది. ఎవరూ ఆక్రమించకుండా చుట్టూ నాలుగు రాళ్ళు కూడా పాతింది. ఆవిడకు ఈ లోకంలో ఉన్న స్థిరాస్తి అదొక్కటే.

డబ్బా చూస్తే ఖాళీ.

తప్పు ఎదురింటిది. ఎదురింటి సీత మొగుడు సింహాచలం ఒకప్పుడు సముద్రం మీదికి వెళ్ళేవాడు. ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి పలాస వెళ్తున్నాడు. అలా ఎందుకని ఉద్దానంలో ఎవరూ అడగరు, ప్రతి వీధికీ కిడ్నీలు పోయినవాళ్ళు ఒకరుంటారు. వల గోడమేకుకు వేలాడుతోంది. ఒక సాయంత్రం సీత పొయ్యిలోంచి పొగ రాలేదు. బుచ్చమ్మ కాసేపు చూసి, డబ్బా చంకన పెట్టుకుని వీధి దాటింది. ఆరోజు మొదలు డబ్బా అడుగు కనబడకుండా నిండగానే వీధి దాటడం అలవాటయిపోయింది.

"మీ దేవుడి బియ్యం మేం తింటే పాపం కాదా అత్తా" అని సీత ఒకసారి అడిగింది.

"ఆర్నెల్లు తినీసినాక అడుగుతన్నావేటే. వత్తే నాకొత్తాది గానీ నువ్వు ఎసరు సూడు."

పండుగ దగ్గరపడేసరికి సీతే తగ్గింది. "ఈ నెల మాకొద్దులే అత్తా. నీ సోటు పోతాది" అంది. లోపలినుంచి సింహాచలం, "సోటుకేటి, సముద్రం ఒడ్డున మా వోళ్ళ కాడ కావలిసినంత ఉంది. నేనెలగా ముందెల్తాను, నీకూ ఒక సోటు ఆపుతాను" అన్నాడు. బుచ్చమ్మ అతన్ని తిట్టి, బియ్యం పోసే వచ్చింది.

పండుగనాడు డబ్బాకు మూతపెట్టి, తెల్లగుడ్డ చుట్టి చర్చికి తీసుకెళ్ళింది. నిజం చెప్పి వచ్చే ఏటివరకూ గడువు అడుగుదామని ఆవిడ ఆలోచన.

ఢిల్లీశ్వరరావు ముందు వరసలో మెత్త వేసిన కుర్చీలో కూర్చున్నాడు. ఆయన వెనక పెయింటర్ నాగరాజు ఎర్రరంగు, కుంచె పట్టుకుని నిలబడ్డాడు. ఆయన వేలంలో పాడుకున్న ప్రతి వస్తువు మీదా అక్కడికక్కడే పేరు పడాలి. అప్పటికి మూడు గుమ్మడికాయలు దాతలయ్యాయి. కోడిని మాత్రం ఎందుకో వదిలేశారు.

ఆ ఏడు టెక్కలి నుంచి తారకేశ్వరరావు అనే కాంట్రాక్టరు కూడా వచ్చాడు. పెద్ద పనసపండును ఆయన ఏడువేలకు పాడేసుకున్నాడు. చర్చంతా చప్పట్లు కొట్టింది. ఢిల్లీశ్వరరావు మొహం కాలిన జీడిపిక్కలా అయింది. సరిగ్గా అప్పుడే బుచ్చమ్మ డబ్బా బల్లమీదికి వచ్చింది.

"ఇది ఖాళీదండి అయ్యగారూ" అంది బుచ్చమ్మ.

"చూశారా ఈమె వినయం" అన్నాడు ధనరాజు మైకులో. "ఇచ్చి కూడా ఇవ్వలేదంటోంది."

"వినయం కాదయ్యా, ఇందులో ఏటీ లేదు."

"ఏమీ లేదంటోంది. ఉన్నదంతా ఇచ్చినవాళ్ళే అలా అనగలరు." పాస్టరు సంఘం వైపు తిరిగాడు. "ఈ విధవరాలి కానుకకు ఎవరు వెల కడతారు?"

"వెయ్యి" అన్నాడు ఢిల్లీశ్వరరావు. "మూడు" అన్నాడు తారకేశ్వరరావు. బుచ్చమ్మ మూడోసారి, "బావూ, నా మాటినండి" అంటుండగానే ధర పన్నెండువేలకు చేరి ఢిల్లీశ్వరరావు దగ్గర ఆగింది.

నాగరాజు గుడ్డ విప్పి, డబ్బా తిప్పి పేరు రాయడం మొదలుపెట్టాడు. చేతికి తగలగానే అతనికి సంగతి తెలిసిపోయింది. కానీ అతనికి అక్షరానికి ఇంతని కూలి. ఢిల్లీశ్వరరావుది పొడుగు పేరు. నోరు మూసుకుని పూర్తిచేశాడు.

"ఫోటోకి మూత తియ్యండి" అని ఎవరో అన్నారు. ఢిల్లీశ్వరరావు నవ్వుతూ తీశాడు. లోపల ఒక ముక్కుపురుగు ఉంది. అది కూడా ఆకలిమీద ఉన్నట్టే కనబడింది.

"బియ్యం ఏవి బుచ్చమ్మా?" ధనరాజు మైకు ఆపడం మరిచిపోయాడు.

"ఎదురింటికెల్లిపోనాయయ్యా."

"వాళ్ళు మన సంఘమేనా?"

"కాదయ్యా. ఎదురిల్లు."

తారకేశ్వరరావు కుర్చీలో వెనక్కి వాలాడు. "పాట వెనక్కి తీసుకుంటావేటి బావా? తీసుకో, ఎవులూ ఏటీ అనుకోరు" అన్నాడు చాలా ప్రేమగా.

చుట్టూ ఇరవై ఫోన్లు పైకి లేచి ఉన్నాయి. ఢిల్లీశ్వరరావు వాటివైపు చూశాడు. "దేవుని సన్నిధిలో ఇచ్చిన మాట. రాయండి" అన్నాడు.

ధనరాజు రాశాడు. బుచ్చమ్మ పేరు ఎదురుగా అంత కానుక ఆ పుస్తకంలో ఎన్నడూ పడలేదు. ఆ లెక్కన ఆవిడను రెండుసార్లు పూడ్చవచ్చు.

అందరూ భోజనాలకు లేచాక ఆవిడ జీడితోటలోకి వెళ్ళి నాలుగు రాళ్ళూ ఉన్నాయో లేవో చూసుకుంది. "సోటు నిలబడింది" అని నారాయణకు చెప్పింది. "మా యజమాని కట్టినాడు. ఎందుకని అడక్కు."

తిరిగి వచ్చేసరికి గుమ్మడికాయలు కారెక్కాయి. డబ్బా మాత్రం బల్లమీదే ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. బుచ్చమ్మ చంకన పెట్టుకుని ఇంటికి తెచ్చుకుంది.

వారం తిరిగాక, డబ్బా అడుగు కనబడకుండా నిండగానే మళ్ళీ వీధి దాటింది. సీత బియ్యం చాటలో పోసుకుని, ఎర్ర అక్షరాలు కూడబలుక్కుని చదివింది.

"అత్తా, ఈ ఢిల్లీశ్వరరావు ఎవులు?"

"మా యజమాని."

"ఆయన మాకు బియ్యం ఇత్తన్నాడా?"

"ఇత్తన్నాడు. ఎడం సేతికి తెలీకుండా ఇమ్మన్నాడు గదా మా పెబువు, ఈయన రెండు సేతులికీ తెలీకుండా ఇత్తన్నాడు."

"మరి ఒకపాలి కనబడి దండం పెట్టొద్దా?"

"ఆ పని సెయ్యకు" అంది బుచ్చమ్మ డబ్బా అందుకుంటూ. "తెలిసిందంటే పెయింటర్ని ఎంటబెట్టుకుని వత్తాడు. మీ ఆయన నుదుటి మీద రాయించీగల్డు."