డెల్బర్ట్ చేపకు నా సాక్ష్యం

మా మరిది డెల్బర్ట్‌కు బోటు ఉంది, నాకు లేదు. తగువంతా అక్కడే మొదలు. మా తూర్పు టెక్సాస్‌లో బోటు ఎవరిదైతే వాళ్లే ముందు నిలబడతారు. మోటారు వాళ్ల కాలి కింద ఉంటుంది, మంచి చోటల్లా వాళ్ల గాలమే ముందు పడుతుంది. వెనకున్నవాళ్లు వాళ్లు కెలికి వదిలిన నీళ్లలో వేసుకోవాలి. ఏళ్ల తరబడి నేను వెనకే ఉన్నాను.

మార్చి పోటీలో అందరికంటే పెద్ద బాస్ చేపను పట్టినవాళ్లను మా క్లబ్బు స్టేట్ పోటీకి పంపుతుంది. ఇంతవరకు ఒక్క ఆడమనిషిని పంపిన పాపాన పోలేదు. ఈసారి నేనే వెళ్లాలని పట్టుదలగా ఉన్నాను. పోటీలో బోటుకు ఇద్దరు జత, నా జత ఎప్పటిలాగే డెల్బర్ట్.

ముందు రోజు దాకా వెచ్చగానే ఉంది, చేపలు గుడ్లు పెట్టడానికి చెరువు ఒడ్డుకు చేరాయి. రాత్రి ఉత్తరపు గాలి కొట్టింది. తెల్లారేసరికి ఆకాశం కడిగినట్టు ఉంది, చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. అలాంటి రోజున చేప కాస్త లోతుకు దిగి, ఏ గుంజనో ఆనుకుని కదలకుండా కూర్చుంటుంది. దేని వెంటా పడదు. ఎరను దాని ముక్కు దగ్గరికి తీసుకెళ్లి పెట్టాలి. డెల్బర్ట్ మాత్రం నిన్న పనిచేసిన ఎర్ర ఎరనే ఒడ్డు వెంట విసిరి గబగబా లాగుతున్నాడు.

"మార్చిలో టెక్సాస్ అంటే ఎరుపే వదినా. రొయ్య రంగు!"

"అది నిన్నటి మాట. ఈ చలికి రొయ్య కూడా బురదలోంచి బయటికి రాదు. ఆ పాత రేవు గుంజల దగ్గరికి పోనియ్యి."

"నువ్వా నల్ల చీపురు ముంచుకో. నాకు పాఠాలు చెప్పకు."

చీపురట! సీసపు తలకు నలుపు, నీలం రబ్బరు కుచ్చు పెట్టి, ఊదా దారంతో నేనే చుట్టుకున్న ఎర అది.

అతను తన దారం చిక్కు తీసుకుంటుండగా గాలే బోటును రేవు వైపు నెట్టింది. నా ఎరను గుంజ పక్కన జారవిడిచి, అడుగున ఆనాక కదపకుండా ఉంచాను. దారం బరువెక్కింది. చేప పైకి లేచి తల విదిలించింది. దాని నోట్లో నా పిడికిలి పట్టేస్తుంది.

"వల! డెల్బర్ట్, వల!"

ఎంత పగ ఉన్నా సరే, జతమనిషికి చేప పడితే మన గాలం కింద పడేసి వల పట్టాలి. ఈయనగారు ఒక చేత్తో తన గాలం లాక్కుంటూనే, రెండో చేత్తో వలను తోక వైపు నుంచి పొడిచాడు. వల అంచు దారానికి తగిలి కొక్కెం ఊడింది. చేప పోయింది.

"పోతుంటాయిలే వదినా," అన్నాడు. తప్పయిందన్న మాట లేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

కాసేపటికి అదే పెద్దమనిషి వెనక్కి తిరిగి, "ఆ చీపురు ఇంకోటుందా?" అన్నాడు. బోటులో అడిగితే లేదనకూడదు, ఇచ్చాను. వేళ్లు వంగడం లేదంటే ముడి కూడా నేనే వేశాను. అదే గుంజ దగ్గర అతనికి చేప పడింది. నేను నా గాలం కింద పడేసి, తల వైపు నుంచి వల పెట్టి శుభ్రంగా పైకి ఎత్తాను.

మధ్యాహ్నం తూకం దగ్గర జనం మూగారు. పక్కన క్యాట్‌ఫిష్ వేగుతోంది. డెల్బర్ట్ చేప తొమ్మిది పౌండ్లు తూగింది. ఇంకెవరిదీ దాని దరిదాపుల్లో లేదు. అతను మైకు అందుకున్నాడు.

"గాలి తిరగ్గానే నాకు తట్టింది. ఎరుపు పక్కన పెట్టి నల్లది తీశాను. అనుభవం అంటే అదే మరి!"

మా ఆయన వెండెల్ నా చెయ్యి నొక్కి, "పోనీలే, తమ్ముడే కదా," అన్నాడు. తమ్ముడు ఆయనకు, నాకు కాదు.

మా క్లబ్బులో జతమనిషి అందరి ముందు "నేను చూశాను" అంటేనే చేప లెక్కలోకి వస్తుంది. అధ్యక్షుడు ఓడెల్ నా వైపు తిరిగాడు.

"ట్వైలా, చూశావా?"

"చూశాను. అంతా చూశాను." మైకు లాక్కున్నాను. "ఈ చేపను డెల్బర్టే పట్టాడు, నిజం. ఎర నాది, ముడి నాది, చోటు నేను చెప్పింది, వల నేను పట్టింది. అంతకు ముందు దీనికంటే పెద్దది నాకు పడితే, తన గాలం వదల్లేక ఒంటి చేత్తో వల పొడిచి పోగొట్టాడు. అదీ చూశాను."

ఓడెల్ గొంతు సవరించుకున్నాడు.

"మరి లెక్కలోకి తీసుకోనా, వద్దా?"

"తీసుకో. అతన్నే పంపు."

జేబులోంచి కత్తెర తీశాను. పక్కనే ఆనించి ఉన్న డెల్బర్ట్ గాలానికి ఇంకా వేలాడుతున్న నా ఎరను ముడి దగ్గర కత్తిరించి జేబులో వేసుకున్నాను.

"అదేంటి వదినా! స్టేట్ పోటీకి నాకది కావాలి!"

"నీకెందుకయ్యా ఈ చీపురు? టెక్సాస్ అంటే ఎరుపే కదా."