లావ్ బూ

ఏమయ్యా, చైనావాళ్ళు మాట్లాడితే రేకుల కప్పు మీద వడగళ్ళు పడ్డట్టుంటుందని నవ్వేవాడివి నువ్వేగా? నవ్వు, నవ్వు. కోల్డ్‌స్టోరేజీలో మార్కాలు వేసే బుడాన్ కూడా నీలాగే నవ్వాడు. ఒకరోజు కాదు, అయిదు నెలలు నవ్వాడు.

రెండు వేల ఎనిమిది, జూలై నెల. పొద్దున్నే చల్లటి చాంబరులోంచి బయటికి దించిన మిరపకాయ బస్తాలకు, అదే టిక్కీలకు, చెమటలు పట్టి ఉన్నాయి. బుడాన్ ఒక్కొక్క టిక్కీని పాతగుడ్డతో తుడిచి, అక్షరాలు కత్తిరించిన తగరపు రేకును గోనె మీద ఆనించి, నీలిరంగులో ముంచిన బ్రష్షుతో టపటపా అద్దుతున్నాడు. రేకు తీస్తే నాలుగు చైనా అక్షరాలు. వాటి అర్థం అతనికి తెలియదు. తలకిందులుగా పడకుండా చూడటం వరకే అతని పని. తప్పు పోకుండా రేకు పై అంచున ఒక చుక్క పెట్టుకున్నాడు.

యాభై నాలుగేళ్ళ మనిషి. పర్చూరు దగ్గర పొగాకు బేళ్ళకు నంబర్లు వేశాడు, ఆ తర్వాత పత్తి మిల్లులో వేశాడు, ఇప్పుడు గుంటూరు మిరపకాయల దగ్గర తేలాడు. మిరప ఘాటుకు ముక్కు చుట్టూ ఎప్పుడూ తువ్వాలు కట్టి ఉంటుంది. గోళ్ళ సందుల్లోని నీలిరంగు శుక్రవారం కిరసనాయిలుతో రుద్దినా పోదు. కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఉంటాయి కానీ పొట్ట మాత్రం లుంగీ ముడి దాటి ముందుకు నడుస్తుంది. లోకంలో అందర్నీ ఆటపట్టించే బుడాన్, తన పొట్ట మీద ఎవరన్నా ఒక్క మాటంటే ఓర్చుకోలేడు.

ఎనిమిది గంటలకు ల్యూ వచ్చాడు. చైనా కంపెనీ తరఫున సరుకు చూసుకునే మనిషి. యాభై దాటిన వాడు, కళ్ళజోడు, చేతిలో వేణ్ణీళ్ళ ఫ్లాస్కు. ఒక్కరోజు కూడా లీవు పెట్టడు కనుక అందరూ అతన్ని లీవుగారు అని పిలిచేవారు. అతను తాలుకాయలు ఏరే ఆడవాళ్ళ ముందు నిలబడి, రెండు చేతులూ జోడించి, నడుం వంచి అన్నాడు:

"నేను గాడిదనండి."

"మేమూ అంతేనండీ!" అంది హనుమాయమ్మ, మొహం కందిపోయేలా నవ్వుతూ. పాతికమంది పైటలు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఆ మాట నేర్పింది బుడానే. ఫిబ్రవరిలో వచ్చిన కొత్తలో ల్యూ, బుడాన్ పేరు అడిగి తెలుసుకుని, అందరి ముందూ "లావ్ బూ! లావ్ బూ!" అని పిలిచాడు. ఆడవాళ్ళు చేటలు కింద పడేసి నవ్వారు. "చైనా నుంచి దిగిన మనిషికి కూడా తెలిసిపోయింది కదన్నా నీ లావు సంగతి!" అంది హనుమాయమ్మ. బుడాన్‌కి ఒళ్ళు మండిపోయింది. ఆ మధ్యాహ్నమే ల్యూను పక్కకు పిలిచి, మా దేశంలో పెద్దవాళ్ళు కనపడితే ఇలా దణ్ణం పెట్టి ఇలా అనాలని సైగలతో నేర్పాడు. ల్యూ ఆ మాటను ఒకటికి మూడుసార్లు అని, సరిగ్గా వచ్చిందా అని కళ్ళతోనే అడిగాడు. బుడాన్ భేష్ అన్నాడు.

మే నెలలో బుడాన్‌కి వడదెబ్బ తగిలి మంచాన పడితే, ల్యూ వెతుక్కుంటూ ఇంటికి వచ్చాడు. తేయాకు పొట్లాన్ని రెండు చేతులా పట్టుకుని అందించాడు. గుమ్మంలో బుడాన్ భార్య జైనాబీకి కూడా వంగి, నేను గాడిదనండి అన్నాడు. అతను వెళ్ళాక జైనాబీ మొగుడి మీద విరుచుకుపడింది. "తోడబుట్టిన అన్న లాంటి మనిషి చేత ఏం మాటలు అనిపిస్తున్నావయ్యా? కళ్ళు పోతాయ్!" బుడాన్ దుప్పటి కప్పుకుని దాని కింద కిచకిచ నవ్వాడు.

ఇవాళ ల్యూ స్వదేశం వెళ్ళిపోతున్నాడు. నాలుగింటికి ఓనరు, మిర్చి యార్డు షావుకార్లు కలిసి దండ వేసి పంపుతారు. వాళ్ళ మాట ఆయనకూ, ఆయన మాట వాళ్ళకూ చెప్పడానికి ఓనరు మేనకోడలు శ్రీరమ్య తాడేపల్లి నుంచి పదకొండింటికి వచ్చింది. చైనాలో డాక్టరు చదువుతూ సెలవులకు వచ్చిన పిల్ల.

టీ వేళ ల్యూ అలవాటుగా "లావ్ బూ" అని పిలిచి బుడాన్‌కి గ్లాసు అందించాడు. ఆడవాళ్ళు మళ్ళీ నవ్వారు.

"ఎందుకు నవ్వుతున్నారు?" అంది శ్రీరమ్య.

"లావు బుడానంట!"

"అయ్యో, లావు కాదు పిన్నీ. లావ్. అంటే పెద్దాయన అని. బుడాన్‌లోని బూ ముందు లావ్ పెడితే మనం గారూ అన్నట్టే. బుడాన్ గారూ అని పిలుస్తున్నాడాయన." ఆమె టీ గ్లాసు ఎత్తి చూపించింది. "అసలు ఈ చాయ్ అనే మాట కూడా వాళ్ళదే. టీ అన్నా వాళ్ళదే."

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. బుడాన్ చేతిలో టీ మీగడ కట్టింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి వాళ్ళ మాటను రోజుకు నాలుగుసార్లు తాగుతూ, వాళ్ళు ఇచ్చిన గౌరవాన్ని మాత్రం తన పొట్టకు చుట్టుకున్నాడు. అయిదు నెలలుగా గారూ అని పిలిచిన మనిషిని పదిమందిలో గాడిదను చేశాడు.

మధ్యాహ్నం వేసినవాటిలో రెండు టిక్కీల మీద అక్షరాలు తలకిందులుగా పడ్డాయి. అలా ఎన్నడూ జరగలేదు. బ్రష్షు పక్కన పడేసి శ్రీరమ్య దగ్గరికి వెళ్ళాడు.

"పాపగారూ, ఆయనకొక మాట చెప్పాలి. షావుకార్ల దగ్గర ఆ మాట అనొద్దని చెప్పండి."

"ఏ మాట?"

"అదే, పొద్దున అంటాడు చూడండి."

"నేను పొద్దున లేను కదా బాబాయ్. ఏమంటాడు?"

బుడాన్ తువ్వాలు ముక్కు మీదికి లాక్కున్నాడు. "ఏం లేదులెండి" అని వెనక్కు వచ్చేశాడు. ఉద్యోగం పోతుందనే భయం లేకపోలేదు. అంతకన్నా, ఊరు వదిలే రోజున షావుకార్లంతా విరగబడి నవ్వుతుంటే, ఎందుకు నవ్వుతున్నారో తెలియక తానూ నవ్వే ల్యూ మొహమే కళ్ళ ముందు ఆడింది.

నాలుగయింది. బుడాన్ టిక్కీల వరస వెనక నక్కాడు. దండ పడింది. ల్యూ చేతులు జోడించాడు. బుడాన్ కళ్ళు మూసుకున్నాడు.

"నమస్కారమండి" అన్నాడు ల్యూ. "వెళ్ళొస్తానండి."

బుడాన్ కళ్ళు తెరిచాడు.

ల్యూ దండ తీసి చేత్తో పట్టుకుని, షెడ్డులోకి నడిచి, ఆడవాళ్ళ ముందు ఎప్పటికన్నా కిందకు వంగాడు. "నేను గాడిదనండి."

ఎవరూ నవ్వలేదు. "తప్పు బాబూ, తప్పు" అంది హనుమాయమ్మ, కళ్ళు ఒత్తుకుంటూ.

టిక్కీల వెనక్కు కూడా వచ్చాడు ల్యూ. "లావ్ బూ" అని రెండు చేతులూ చాచాడు. బుడాన్ నీలి చేతులు వెనక్కు దాచుకున్నాడు. తల ఎత్తలేదు. సిమెంటు నేల మీద ఆ చెప్పులు కాసేపు ఆగడం, తర్వాత తిరిగి వెళ్ళడం మాత్రమే చూశాడు. కారు గేటు దాటిన చప్పుడయ్యాక శ్రీరమ్యను అడిగాడు.

"నమస్కారం మీరు నేర్పారామ్మా?"

"నేనేం నేర్పలేదు బాబాయ్. ఆయనకు చాలా తెలుగు వచ్చు కదా. కారెక్కేదాకా నాతో తెలుగులోనే మాట్లాడాడు."

పని చోటికి తిరిగి వచ్చేసరికి రంగుడబ్బా కింద మడిచిన కాగితం ఒకటి ఉంది. పుస్తకంలోంచి చింపింది. పైన తేదీ, ఫిబ్రవరి పద్నాలుగు. ఆ మాట నేర్పిన మర్నాడు. కింద పెన్సిలు బొమ్మ: కళ్ళజోడు పెట్టుకున్న గాడిద ఒకటి ముందుకాళ్ళు జోడించి వంగి ఉంది. చేటలు పట్టుకున్న ఆడవాళ్ళు నోళ్ళు తెరిచి నవ్వుతున్నారు. పక్కన చేతిలో బ్రష్షుతో, ఎదురుగా బానంత పొట్టతో, అందరికన్నా పెద్ద నోరు తెరిచి నవ్వుతున్న మనిషి. ఆ బొమ్మ కింద, బోర్డులు చూసి దిద్దుకున్నట్టున్న వంకర తెలుగు అక్షరాలను బుడాన్ నీలివేలితో ఒక్కొక్కటే కూడబలుక్కున్నాడు: "లావు బుడాన్ గారు."