రక్ష చేతిలో పెట్టిన రాయి

మా తమ్ముడి కూతురు రక్షకు చీకటంటే చచ్చేంత భయం. కరెంటు పోతే చాలు, వీధంతా వినబడేలా ఏడ్చేది. ఒకసారి మేకల వెంట వాగుకు పోయినప్పుడు ఇసుకలో దానికి ఒక నీలం రాయి దొరికింది. జామపిందెంత ఉంటుంది, ఒక పక్క నున్నగా ఉబ్బి ఉంటుంది. తడిపి ఎండకు పట్టుకుంటే లోపల ఆరు గీతల తెల్లటి చుక్క కనబడేది. రాయిని కదిపితే చుక్కా కదిలేది. మా ఊరు ఇండూరు చుట్టుపక్కల కురువిందపు రాళ్లు మాకు కొత్త కాదు, కొడవళ్లు నూరుకుని పారేస్తాం. ఇదీ అలాంటిదే అనుకున్నాం. రక్ష మాత్రం అది తన దీపమని గుప్పిట్లో పెట్టుకుని పడుకునేది. చీకట్లో చుక్క కనబడదు కదే అంటే, నాకు కనబడుతుంది అత్తా, నీ కళ్లే మంచివి కావు అనేది. దాని నోరు అలాంటిది.

ఏడేళ్లకే జ్వరమొచ్చి కన్నుమూసింది. ఎక్కడెక్కడికి ఎత్తుకుని పరుగెత్తామో చెప్పను. చెప్పి ఏం లాభం?

మాలో ఆడవాళ్లు శ్మశానానికి పోకూడదు. వీధి మలుపు దాకా పోయి, అక్కడ ఆగి, వెనక్కి తిరిగి రావాలి. కన్నతల్లికైనా అంతే. ఈ కట్టుబాటు పెట్టినవాళ్లెవరో గానీ, వాళ్లు బిడ్డల్ని కన్నవాళ్లు మాత్రం కారు. మా మరదలు తనుజ ఆ మలుపు దగ్గర పాప చేతిలో రాయి పెట్టి, వేళ్లు ఒక్కొక్కటిగా మూసింది. ఆమె ఏడవలేదు. మా తమ్ముడు జయప్రకాశ్‌ను ఒకే ఒక్క మాట అడిగింది.

“మామా, అది మాత్రం తియ్యొద్దు. అడుగున చీకటిగా ఉంటాది దానికి.”

“తియ్యనులే,” అన్నాడు వాడు.

ఆ మాట మీదే ఆమె బతికింది. అన్నం ముందు కూర్చుని ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగిపోయి, పాప చేతిలో రాయి ఉంది కదా వదినా అని అడిగేది. ఉంది తల్లీ అంటే తినేది. కట్టు తప్పి రాయితో పూడ్చాడని ఊరి పెద్ద గోపాలప్ప జయప్రకాశ్‌ను నలుగురిలో తిట్టాడు కూడా. వాడు తల వంచుకుని పడ్డాడు.

ఈ ఏడు పాప పుట్టినరోజుకు తనుజ ఫోన్లోని పాత వీడియో ఒకటి స్టేటస్ పెట్టింది. రక్ష పళ్లూడిన నోటితో నవ్వుతూ రాయిని ఎండలో తిప్పుతుంటుంది, నీలంలో చుక్క తిరుగుతుంటుంది. అది ఎన్ని చేతులు మారిందో ఏమో, కొన్నాళ్లకు సేలం నుంచి అన్నామలై అనే రత్నాల వ్యాపారి కారులో వచ్చి దిగాడు. వీడియోను ఆపి ఆపి చూసి, అది నక్షత్ర నీలం అన్నాడు. అంత పెద్దది తన జన్మలో చూడలేదన్నాడు. వెల అడిగితే, రాయి చూడకుండా చెప్పనన్నాడు. అది ఎక్కడుందో తెలిశాక తనుజకు రెండు చేతులూ జోడించి, కారెక్కి వెళ్లిపోయాడు. మంచి మనిషి.

మా ఊరికి అంత మంచితనం లేదు. ఆయన చెప్పని వెలను ఊరే చెప్పుకుంది, పూటపూటకూ పెంచుకుంది. పాప పోయినప్పుడు గడప తొక్కనివాళ్లు పలకరింపులకు వరస కట్టారు. వాగు అందరిది, రాయీ అందరిదే అన్నారు. శాంతి చేసి తవ్వి తీద్దాం, పాప పేరున చిన్న గుడి కట్టిద్దాం అన్నాడు గోపాలప్ప. బతికున్నప్పుడు దానికి ఒక వీధిదీపం వేయించలేని పెద్దమనిషి! జయప్రకాశ్ అవుననలేదు, కాదనలేదు. ఆశ వాడి నోరు కూడా మూయించిందని నాకు ఒళ్లు మండిపోయింది.

శాంతి చేసిన మర్నాడు పొద్దున్నే గడ్డపారలతో బయలుదేరారు. వాళ్లకంటే ముందే తనుజ మలుపు దాటి పోయింది. కట్టూ గిట్టూ మరిచి నేనూ వెనకాలే పరుగెత్తాను. పాపను పూడ్చిన దిబ్బ మీద బోర్లా పడుకుని రెండు చేతులా మట్టిని పట్టుకుని ఉంది. గోపాలప్ప బతిమాలాడు, బెదిరించాడు. లేవలేదు. చివరికి ఇద్దరు మగవాళ్లు ఆమె భుజాల మీద చేతులు వేశారు.

“వదలండప్పా దాన్ని,” అన్నాడు జయప్రకాశ్. “గుంతలో రాయి లేదు. ఆ పొద్దే తీసేసినా.”

అప్పుడు తెలిసింది మాకు, మగవాళ్లు ఇంటికి వచ్చి చెప్పని సంగతి. మట్టిలోకి దించేటప్పుడు బిడ్డ ఒంటి మీద ఏదీ ఉండకూడదట. మిగతావాళ్లు ముఖం తిప్పుకుని నిలబడితే తండ్రి ఒక్కడే గుంతలోకి దిగి, మొలతాడు తెంచి, గాజులు తీసి, వెనక్కి చూడకుండా విసిరేయాలట. పోయిన బిడ్డ దేన్నయినా పట్టుకుపోతే, తోబుట్టువును పిలుచుకుపోవడానికి తిరిగి వస్తుందని భయం. అప్పటికి ఇంట్లో ఉయ్యాలలో రక్ష తమ్ముడు ఉన్నాడు. ఉన్న ఒక్క బిడ్డ కోసం రాయి కూడా తీసి ముళ్లపొదల్లోకి విసిరేశానని, తనుజ ముఖం చూసి చెప్పలేకపోయానని వాడు తలబాదుకున్నాడు.

ముళ్లపొదలు అన్న మాట చాలు. గడ్డపారలు అక్కడే పారేసి అందరూ అటు పరుగెత్తారు. గోపాలప్ప పంచె ఎగగట్టుకుని అందరికంటే ముందున్నాడు. దిబ్బ దగ్గర మేం ముగ్గురమే మిగిలాం.

తనుజ మెల్లగా లేచి కూర్చుంది. మొగుణ్ణి తిడుతుందేమో, కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా నేను అడ్డుపడేదాన్ని కాదు.

“వేళ్లు సులువుగా వచ్చినాయా మామా?” అని అడిగింది.

ఆ ఒక్కసారి కూడా అబద్ధం చెప్పి ఉంటే వాడి సొమ్మేం పోయేది?

“లేదు,” అన్నాడు. “గట్టిగా పట్టుకోనుండె.”

గడ్డపారకు అడ్డం పడుకున్న మనిషి, ఇప్పుడు తనే గోళ్లతో దిబ్బను తవ్వడం మొదలుపెట్టింది. మేమిద్దరం చెరో చెయ్యి పట్టి లాగినా ఆగలేదు.

“ఇన్నాళ్లూ ఒట్టి చేత్తో పండుకోనుంది వదినా,” అంది నాతో. “నా చెయ్యన్నా ఇచ్చొస్తా, వదలండి.”