నా పేరుతో కడపకు వెళ్ళినామె

నేను పొద్దున టిఫినుకు ఉగ్గాని చేద్దామని బొరుగులు తడిపి పిండుతుంటే, నా పట్టుచీర కట్టుకుని, నా పేరుతో మా తోడికోడలు మధులత కడపకు బయలుదేరింది. "అక్కా, పోయొస్తా" అని గుమ్మంలోంచి కేకేసింది. పోయిరా అనలేదు నేను. వినపడనట్టు బొరుగులను ఇంకాస్త గట్టిగా పిండాను.

మైదుకూరు దగ్గర మా ఊరికి సర్పంచ్‌ని నేను. సీటు ఆడవాళ్ళకు వచ్చిందని నా పేరు పెట్టారు, గెలిచాను. అంతటితో నా పని అయిపోయింది. అప్పటినుంచి ఊళ్ళో అందరూ సర్పంచ్ అని పిలిచేది మా ఆయన గోపీనాథ్‌నే. పంచాయతీ ఆఫీసులో నా కుర్చీలో ఆయనే కూర్చుంటాడు. ఆయన కోసం ఇంటికి వచ్చేవాళ్ళకు నేను టీ పెడతాను. ఎవరైనా తెలియనివాళ్ళు వచ్చి, "సర్పంచ్ ఉండాడామ్మా?" అని నన్నే అడిగితే, "తోటకాడికి పోయినాడు" అని చెప్పేదాన్ని. అందులో తప్పుందని గానీ, కనీసం నవ్వుకోవచ్చని గానీ నాకెప్పుడూ తోచలేదు.

ఈసారి కడపలో మహిళా సర్పంచ్‌లకు రెండు రోజుల తరగతులు పెట్టారు. దేశంలో ప్రభుత్వం ఎలా ఏర్పడుతుంది, ఎలా నడుస్తుంది, ఎలా పడిపోతుంది, అంతా చెప్పి, హాల్లోనే లోక్‌సభను నడిపి చూపిస్తారట. భర్తలను లోపలికి రానిచ్చేది లేదని గట్టిగా చెప్పారు. మా ఆయన ఒక పూటంతా ఆలోచించి దానికీ దారి కనిపెట్టాడు.

"మధులత డిగ్రీ చదివింది. నీ పేరు చెప్పుకోని ఆ పాప పోతాది. నువ్వు ఏడో తరగతి. ఆడ ఏమన్నా అడిగితే బిక్కమొగం ఏసుకోని నిలబడతావు. మన పరువు పోతాది" అన్నాడు.

"అవును, యశోద పోతే పొయ్యి ఎవురు ఎలిగిస్తారు?" అంది మా అత్త ఓబులమ్మ. నన్ను మెచ్చుకున్నాననే ఆమె అనుకుంది.

నేను సరే అన్నాను, ఎప్పుడూ అనే మాటే. కానీ ఆ రోజంతా నాకు కడుపు మండుతూనే ఉంది. గిన్నెలు తోముతూ ఈపాటికి బస్సు దిగి ఉంటుంది అనుకున్నాను. కూలీలకు అన్నం కడుతూ ఇప్పుడు ఫ్యాను కింద కూర్చుని ఉంటుంది, ఎవరో టీ తెచ్చి చేతికి ఇస్తుంటారు, "యశోద గారూ, తీసుకోండి" అని నా పేరు పక్కన గారు తగిలించి పిలుస్తుంటారు అనుకున్నాను. ఆ గారును నేను ఒక్కరోజు కూడా విన్న పాపాన పోలేదు. మధులత మంచిది. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు తల దువ్వి, జడ వేసి, జావ తాగించింది. అయినా సరే, దాన్ని తలుచుకుంటే ఓర్వలేకపోయాను. దీన్ని అసూయ అంటారు, వేరే పేరు పెట్టి ముద్దు చేసుకోను. ఆ చీరమీద సాంబారు ఒలికితే బాగుండు అని కూడా కోరుకున్నాను. అది నా చీరే కదా అని తరువాత గుర్తొచ్చింది.

సాయంత్రం వచ్చినామె పొద్దున వెళ్ళిన మధులతలా లేదు. గొంతు పెద్దదైంది. నడకలో కూడా ఏదో మారింది. మా ఆయన, "అలిసిపోయింటావు, మాతో పాటే తిందువు రామ్మా" అన్నాడు. మా ఇంట్లో మగవాళ్ళు తిన్నాకే కోడళ్ళం తింటాం. ఆ రోజు మధులత వాళ్ళ వరుసలో కూర్చుంది, నేను సంగటి ముద్ద తెచ్చి దాని కంచంలో పెట్టాను. అది నాకేసి చూడను కూడా లేదు, చెప్పే మాటల్లో మునిగిపోయింది.

"నన్ను స్పీకర్ని చేసినారు బావా! అందరూ నన్ను అడిగే మాట్లాడాల. ఒకామె ఆగకుండా అరుస్తాంటే, కూసోండమ్మా అన్నా. కూసునింది!"

"ప్రధానమంత్రికి మనమే కదా ఓటేసేది?" అన్నాను పప్పు వడ్డిస్తూ.

"నీకెందుకిప్పుడు, చట్నీ తేపో" అన్నాడు మా ఆయన.

మధులత మాత్రం జవాబు చెప్పింది. "కాదక్కా. మనం ఓటేసేది మన ఎంపీకి. లోక్‌సభలో ఎక్కువ మంది ఎవురిని నమ్మితే ఆయన ప్రధానమంత్రి. నమ్మకం పోయిందని ఎక్కువ మంది ఓటేస్తే ఎంత పెద్దోడైనా దిగిపోవాల్సిందే. రేపు అవిశ్వాసం పెడతారు, సభ నేనే నడపాల."

"మరి ఎంపీకి జరమొస్తే వాళ్ళింట్లో ఇంకెవురన్నా పోతారా?" అన్నాడు మా మరిది ఉమామహేశ్. అందరూ నవ్వారు.

"అట్ల లేదంట. ఎంపీ ఆడమనిషే అనుకో, ఆమె రాకుంటే ఆ సీటు ఖాళీనే. ఆమె బదులు ఇంకొకరు కూసోను లేదు, ఓటెయ్యను లేదు. మొగుడైనా సరే" అంది మధులత, నవ్వుతూనే.

ఎవరి చెయ్యీ ఆగలేదు. అందరూ సంగటి తుంచుకుంటూనే ఉన్నారు. గరిటె పట్టుకున్న నా చెయ్యి మాత్రం ఆగింది. ఇన్నేళ్ళూ నా కుర్చీలో మా ఆయన కూర్చుంటే నాకు ఒక్క పూట కూడా కుళ్ళు పుట్టలేదే, ఈమె ఒక్కరోజు కూర్చుంటే ఇంత మంట ఎందుకు అనిపించింది. ఆయన కూర్చున్నప్పుడు అది మగవాళ్ళ కుర్చీ అనుకున్నాను. నాలాగే గాజులు వేసుకుని, నాలాగే ఈ ఇంట్లో అంట్లు తోమే మనిషి కూర్చున్నాకే, అందులో నేనూ సరిపోతానని తెలిసింది. మధులత మీద పడి ఏడుస్తున్నాను గానీ, అది ఎత్తుకెళ్ళింది ఒక్కరోజే. మిగిలిన రోజులన్నీ ఎత్తుకెళ్ళినవాడికి నేనే పప్పు వడ్డిస్తున్నాను.

"రేపు నేను పోతా" అన్నాను.

మా ఆయన నోట్లో ముద్దతోనే నవ్వాడు. "యశోద అంటే ఈ పాపేనని ఆడ అందరికీ తెలిసిపోయింది. ఇప్పుడు నువ్వు పోతే నిన్నే దొంగ సర్పంచ్ అంటారు."

"అననీ."

"పిచ్చి పట్టిందా? గమ్మునుండు."

"కూలోళ్ళకు అన్నాలు ఎవురు కడతారే?" అంది మా అత్త.

"ఎవరో ఒకరు కడతారులే అత్తా."

మధులత తల దించుకుంది. "అక్కా, సభ రేపు కూడా నేనే నడపాలక్కా" అంది నెమ్మదిగా. ఆ ముఖం నాకు బాగా తెలుసు, పొద్దుటినుంచి నేను పెట్టుకుని తిరిగిందే అది. జాలి వేసింది, కానీ ఇచ్చేయాలన్నంత వేయలేదు.

తెల్లారి నేను పొయ్యి ముట్టించలేదు. నూలు చీర కట్టుకుని మైదుకూరులో కడప బస్సు ఎక్కాను. హాల్లో వెనక వరుసలో కూర్చున్నాను. పాఠం చెప్పే మేడం మైకు తీసుకుని, "నిన్నటి స్పీకర్ యశోద గారు ముందుకు రండి" అంది. గారుతో సహా నా పేరు. నేను లేచి నడిచాను.

"మీరు కాదమ్మా, యశోద గారు రావాలి" అంది ఆమె.

అందరూ నావైపు తిరిగారు. నిన్న నా చీరను చూసినవాళ్ళు ఇప్పుడు నా ముఖాన్ని చూస్తున్నారు. ముందుకు వెళ్ళి మేడం చేతిలోని మైకు అందుకున్నాను. నిజం చెబితే ఇంటి పరువు పోతుంది, అబద్ధం చెబితే మళ్ళీ నేనే లేకుండా పోతాను.

"యశోదను నేనే మేడం" అన్నాను మైకులోకి. "నిన్న నా బదులు మా తోడికోడలు వచ్చింది. దానికి ముందు నాలుగేండ్లూ నా బదులు మా ఆయన పోతాండె. నేను రావడం ఈ పొద్దే మొదులు."